లిఫ్టాయన, కొలతల ఫోల్డరు

ఆ వీధిలో ఆయన్ని అందరూ లిఫ్టాయన అంటారు. ముప్ఫై ఏళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు. ఏ మేడలో ఎవరు రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నా ముందు ఫోను మోగేది ఆయన జేబులోనే. ఆయన ఆదరాబాదరాగా పరిగెత్తే రకం కాదు. చొక్కా టక్ చేసుకుని, బెల్టు బిగించుకుని, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని తీరిగ్గా వెళ్తాడు. తలుపు సందులోంచి లోపలివాళ్ళని పలకరిస్తాడు. "కంగారు పడకండి, తాడు తెగదు, గాలి ఆడుతుంది, నేనొచ్చాను కదా!" ఆ చివరి మాట దగ్గర గొంతు కాస్త బరువుగా పెడతాడు.

ఆయనకి ఒక సూత్రం ఉంది. మొరాయించిన దానికి కరెంటు తీసెయ్యి, ముప్ఫై లెక్కపెట్టు, మళ్ళీ ఇవ్వు. లిఫ్టుల విషయంలో పదింట తొమ్మిదిసార్లు అది పనిచేసిందన్నది నిజమే. అయితే ఆయన దాన్ని లిఫ్టుల దగ్గర ఆపలేదు. ఫ్రిజ్జుకీ అదే వైద్యం, నీళ్ళ మోటారుకీ అదే. భార్య అలిగినా అంతే. కాసేపు నోరు మూసుకుని ఊరుకుంటే ఆవిడే మామూలైపోతుందని ఆయన నమ్మకం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో వాదించేదెవరు?

ఆయనకున్న ఇంకో గొప్ప నడుం. "పెళ్ళినాటి నడుమయ్యా ఇది, ముప్ఫై నాలుగు! ఇవాళ్టికీ అంతే" అని తోటి మెకానిక్కుల పొట్టలు చూసి నవ్వుతాడు. నమ్మనివాళ్ళకి ప్యాంటు పట్టీ కాస్త తిప్పి, లోపల తెల్లదారంతో కుట్టిన 34 అంకె చూపిస్తాడు. ఆ ప్యాంట్లన్నీ కుట్టేది భార్యే.

ఆవిడ టైలరు. ముందుగదిలోనే కుట్టుమిషను, కత్తిరింపుల బల్ల, నిలువుటద్దం, కొలతలు తీసేటప్పుడు లాగే నీలం తెర. ఆవిడ దగ్గర వేరే టైలర్ల దగ్గర లేని పద్ధతి ఒకటుంది. మనిషిని ఒక్కసారే కొలుస్తుంది. తర్వాత ఎన్నేళ్ళకి వచ్చినా మళ్ళీ టేపు తియ్యదు. గుమ్మం దాటి లోపలికి నడిచి వచ్చే తీరు చూసి, ఎక్కడ ఒళ్ళు వచ్చిందో ఎక్కడ తగ్గిందో పట్టేసి, పాత కొలతని అంతమేరకి సర్దుకుంటుంది. వచ్చిన మనిషికి తన ఒంటిని మళ్ళీ అప్పజెప్పాల్సిన ఇబ్బంది ఉండదు.

అందుకే ఆవిడ కొలతల్లో అంకెల కింద మాటలు కూడా ఉండేవి. ఒకరి పేజీలో "ఎడమ భుజం అరంగుళం దిగువ. లోపల మెత్త పెట్టాలి. అడగకూడదు." ఇంకొకరికి "పొట్ట ఉంది, కడుపు కాదు. శుభవార్తా అని అడగొద్దు." రెండు వీధుల అవతల మేడలో ఉండే స్కూలు టీచరమ్మ పేజీలో అయితే, "కుడివైపు ఆపరేషన్. మెత్త జాకెట్టులోనే కలిపి కుట్టెయ్యాలి. మళ్ళీ కొలవకూడదు."

ఈ పుస్తకాలూ, అట్టపెట్టెల నిండా ఉన్న కత్తిరింపు కాగితాలూ చూసి మూడేళ్ళ కిందట లిఫ్టాయనకి చిరాకేసింది. "ఏ కాలంలో ఉన్నావే నువ్వు? చెదలు పడితే ఏం చేస్తావ్? కంప్యూటర్లో పెట్టు" అన్నాడు. ఆవిడ ఒప్పుకోవడానికి నెల పట్టింది, పని పూర్తవడానికి రెండేళ్ళు. ఒక్కో కాగితాన్నీ బల్లమీద పరిచి, పక్కన టేపు పెట్టి, ఫొటోలు తీసి, కింద మాటలు టైపు చేసి, నాలుగువందల మందికి నాలుగువందల ఫోల్డర్లు చేసింది. అన్నిటినీ "కొలతలు" అనే పెద్ద ఫోల్డర్లో పెట్టింది. పాత పుస్తకాలన్నీ కట్టలు కట్టి చిత్తుకాగితాలవాడికి వేసింది మాత్రం లిఫ్టాయనే.

ఆ ఆదివారం పొద్దున్న ఆవిడ గుండీలు కుడుతూ పిలిచింది. "ఏమండీ, ఇది మళ్ళీ అప్‌డేట్ చెయ్యమంటోంది. రేపు, రేపు అని నెల్లాళ్ళుగా తోస్తున్నాను."

"దానికేం భాగ్యం? నేను చూస్తాలే" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ముప్ఫై శాతం దగ్గర ఆగింది. పది నిమిషాలు చూశాడు, ఇరవై చూశాడు. ఇరుక్కున్న లిఫ్టు ముందు ఇరవై నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడిన చరిత్ర ఆయనకి లేదు. వంగి ప్లగ్గు పీకేశాడు. ముప్ఫై లెక్కపెట్టి మళ్ళీ పెట్టాడు. కంప్యూటరు లేచి, చేసిన మార్పులు వెనక్కి తీసుకుంటున్నాననీ, దయచేసి ఆపవద్దనీ తెరమీద చూపించింది.

"ఆపొద్దంటోంది కదండీ" అంది ఆవిడ.

"లిఫ్టులో ఆరుగురికి మించి ఎక్కొద్దని రాసుంటుంది. ఎవరైనా వింటున్నారా?" అని మళ్ళీ పీకాడు.

మూడుసార్లు పీకాడు. మూడోసారికి దాని అదృష్టమో ఆయన అదృష్టమో, ఎలాగో తేరుకుని అసలు సంగతి చెప్పింది. డిస్కులో ఖాళీ లేదట. అప్‌డేట్ దిగడానికి చోటు కావాలట. ఆవిడ కుట్టిన బట్టలు ఇళ్ళకి ఇచ్చేసి, వస్తూ కూరగాయలు తెస్తానని సంచీ తీసుకుని బయటికి వెళ్ళింది. లిఫ్టాయన డిస్కు తెరిచి చూశాడు. చోటంతా తినేస్తున్న ఫోల్డర్లు రెండే. ఒకటి "కొలతలు". రెండోది "లిఫ్టు మాన్యువల్స్".

ఆ రెండోదాంట్లో ఒక్క మాన్యువల్ కూడా లేదు. అందులో ఉన్నవి లిఫ్టాయన పాటలు. మేడల మీద, లిఫ్టు యంత్రం ఉండే చిన్నగదిలో, గొంతు భలే మోగుతుంది. పని అయిపోయాక ఆయన ఆ గది తలుపేసుకుని, ఫోను ఎదురుగా నిలబెట్టి, చెయ్యి ఊపుతూ పాడి రికార్డు చేసుకునేవాడు. అలాంటి వీడియోలు మూడువందల పైచిలుకు. యాభైమూడేళ్ళ మనిషికి ఇదేం పిచ్చని నలుగురూ నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ఆఖరికి భార్యకి కూడా.

ఖాళీ చెయ్యాలంటే రెండిట్లో ఒకటి పెన్‌డ్రైవులోకి మార్చి, ఇక్కడ తీసెయ్యాలి. ఇంట్లో ఉన్నది ఒకే పెన్‌డ్రైవు. భార్య డిజైన్లు ప్రింటు తీయించుకోవడానికి దాన్ని ఊరంతా తిప్పుతుంది. దాంట్లో తన పాటలు పెడితే ప్రింటు షాపువాడు తెరిచి చూస్తాడు. అందుకని, కేవలం అందుకనే, ఆయన కొలతల మీద చెయ్యి వేశాడు.

కాపీ మొదలైంది. సగంలో ఫోను మోగింది. ఎవరో మూడో అంతస్తులో ఇరుక్కున్నారు. వెళ్ళి, వాళ్ళని దించి, గొంతు బరువుగా పెట్టి, గంటన్నరకి తిరిగొచ్చాడు. తెరమీద ఏదో రాసి ఉన్న చిన్న డబ్బా నిలబడి ఉంది. పని ముగిశాక ఇలాంటివి వస్తూనే ఉంటాయనుకుని చదవకుండా మూసేశాడు. అసలు కొలతల ఫోల్డరు తీసేశాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. అప్‌డేట్ నూరు శాతం దాకా జారుకుంటూ పోయింది. ఆయన టీ పెట్టుకుని తాగాడు.

తర్వాత పెన్‌డ్రైవు తెరిస్తే అందులో అరవైమూడు మందే ఉన్నారు. తను మూసేసిన డబ్బా చెప్పింది అదే, చోటు చాల్లేదని. మళ్ళీ వెతికాడు, మళ్ళీ మళ్ళీ వెతికాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ అరగంటలో బాగా తెలిసొచ్చింది. ఆయన ఆ అరవైమూడూ గబగబా వెనక్కి కాపీ చేసి, పెన్‌డ్రైవులోంచి వాటిని తుడిచేసి, గేటు చప్పుడవగానే దాన్ని సొరుగులో పడేశాడు.

"అప్‌డేట్ నీ కొలతలు చాలామటుకు తినేసిందే" అన్నాడు, ఆవిడ కూరల సంచీ ఇంకా కింద పెట్టకముందే. "ఈ కంపెనీలవాళ్ళకి బుద్ధిలేదు."

ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుని ఒక్కో ఫోల్డరూ చూసుకుంది. అరవైనాలుగోది లేదు. ఏడవలేదు. ఒళ్ళో సంచీలోంచి టమాటాలు ఒకటొకటిగా దొర్లుతుంటే ఏరను కూడా ఏరలేదు.

మర్నాడు ఇద్దరూ రిపేరు షాపుకి వెళ్ళారు. అక్కడ పనిచేసే అమ్మాయి చాలా ఓపికగా చూసింది. "అప్‌డేట్ మామూలుగా ఫైళ్ళు తియ్యదు సార్. ఖాళీ కోసం మీరేమైనా డిలీట్ చేశారా? నిజం చెప్తే వెతకడం తేలిక."

భార్య ఆయన వైపు చూసింది. ఆ క్షణంలో చెప్పేసి ఉంటే ఎంత బాగుండేది! ఆయన మాత్రం, "నేనా? ముప్ఫై ఏళ్ళ మెకానిక్కుని. నాకు తెలీదా?" అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉందా జవాబు. ఆ అమ్మాయి ఇంకేం అడగలేదు. సాయంత్రం దాకా వెతికింది. పాతది ఉన్న చోట కొత్తది వచ్చి కూర్చుందని, ఇంక లాభం లేదని చెప్పింది. "డిస్కు ఇంకా ఇరుగ్గానే ఉందండీ. ఈ లిఫ్టు మాన్యువల్స్ చాలా పెద్దది. తీసెయ్యమంటారా?"

"వద్దమ్మా" అంది భార్య వెంటనే. "అవి ఆయనవి. ముట్టుకోకు."

లిఫ్టాయనకి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చే దారంతా రెండడుగులు వెనకే నడిచాడు.

గురువారం సాయంత్రం టీచరమ్మ వచ్చింది. స్కూల్లో వార్షికోత్సవమట, కొత్త జాకెట్టు కావాలట. లిఫ్టాయన లోపలిగదిలో పనిముట్లకి నూనె రాసుకుంటున్నాడు. మధ్యలో ఉన్నది పల్చటి తలుపు.

"మీ ఫైలు పోయిందండీ" అంటోంది భార్య. "మళ్ళీ ఒక్కసారి కొలవాలి. ఏమీ అనుకోకండి."

టీచరమ్మ గొంతు చాలా చిన్నగా వినిపించింది. "మళ్ళీనా అమ్మా? అందాజాగా కుదరదా?"

"ఆ మెత్త కుదరదండీ. జారిపోతుంది."

తెర లాగిన చప్పుడైంది. హుక్కులు విప్పుతున్న చప్పుడు వినపడలేదు గానీ ఆయనకి వినపడినట్టే ఉంది. "లైటు తీసెయ్యనా?" అని భార్య అడగడం, "తీసెయ్యమ్మా" అని ఆవిడ అనడం మాత్రం స్పష్టంగా వినపడింది. తన పాటలు ఎవరో వింటారన్న సిగ్గుకి ఒక మనిషిని ఈ చీకట్లో నిలబెట్టానని ఆయనకి అప్పుడు అర్థమైంది. తలుపు తీసుకుని పారిపోదామన్నా దారి ఆ గదిలోంచే.

కొలవడం అయ్యాక టీచరమ్మ వెళ్తూ వెళ్తూ లోపలిగది తలుపు దగ్గర నిలబడి ఆయన్నే ఓదార్చింది. "మీరేం బాధపడకండి. కంప్యూటర్లంటే అంతే కదండీ, ఎప్పుడేం చేస్తాయో తెలీదు." కళ్ళు తుడుచుకున్న గుర్తు ఇంకా ఉంది.

ఆవిడ గేటు దాటగానే ఆయన ముందుగదిలోకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "అప్‌డేట్ తినలేదే. నేనే తీసేశాను" అన్నాడు. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. పెన్‌డ్రైవు, చదవకుండా మూసేసిన డబ్బా, షాపులో ఆడిన అబద్ధం, అన్నీ చెప్పాడు. పాటల సంగతి దగ్గరికి వచ్చేసరికి నేలచూపులు చూస్తూ, "ఆ మాన్యువల్స్ మాన్యువల్స్ కావు" అన్నాడు.

"తెలుసు" అంది ఆవిడ.

"ఎలా తెలుసు?"

"పైన మిషను రూములో పాడితే లిఫ్టు గొట్టంలోంచి కింద దాకా వినిపిస్తుందటండీ. ఏ మేడలోనైనా అందరూ వింటారు. నాకు చెప్పింది ఈ టీచరమ్మే, ఐదేళ్ళయింది. మీ ఆయనకి చెప్పకమ్మా, పాపం మానేస్తాడు అంది."

ముప్ఫై ఏళ్ళుగా తలుపు సందులోంచి ధైర్యం చెప్పిన మనిషి ఆయన. లోపల ఇరుక్కున్నది ఎప్పుడూ వేరేవాళ్ళే అనుకున్నాడు.

"డిలీట్ చేసిందీ నాకు తెలుసు. ఆ అమ్మాయి అడిగినప్పుడు మీ మొహం చూశాను కదా. మీరే చెప్తారని ఊరుకున్నాను. ఆదివారం నుంచి గురువారం దాకా పట్టింది." ఆ చివరి మాట దగ్గర కోపం కనిపించింది. "మీ వల్ల నేను ఆవిడ బట్టలు మళ్ళీ విప్పించానండీ."

ఆయన ఏడ్చాడు. ఆవిడ ఓదార్చలేదు. తర్వాత సొరుగులోంచి అట్టమీద ఇంకా ధర చీటీ ఉన్న కొత్త గీతల పుస్తకం తీసి బల్లమీద పెట్టింది. మెడలోంచి టేపు తీసింది.

"రండి, నిలబడండి. మూడువందల చిల్లర మందిని మళ్ళీ కొలవాలి. మీ నుంచే మొదలుపెడతాను. వచ్చేవాళ్ళందరికీ ఎందుకు కొలుస్తున్నామో మీరే చెప్పాలి."

"చెప్తాను" అన్నాడు.

"ఊపిరి బిగబట్టకండి. వదలండి."

వదిలాడు. ఆవిడ టేపు చుట్టి, అంకె చూసి, పుస్తకంలో రాసింది. 38.

ఆయన వంగి చూశాడు. "ముప్ఫై నాలుగు కదే?"

"పోయిన మీ పేజీ నాకు నోటికొచ్చు, వింటారా? 'నడుం ఏటా పెరుగుతోంది. పట్టీ లోపల 34 అనే కుట్టాలి. పాడతాడు, అందరికీ వినపడుతుంది. రెండూ చెప్పకూడదు.'"

అంకె కింద ఎప్పుడూ మాటలు రాసే చోట కలం కాసేపు ఆగింది. ఆవిడ అక్కడ ఏమీ రాయలేదు. పేజీ తిప్పి, టీచరమ్మ కొలతలు ఎక్కించడం మొదలుపెట్టింది.