ఎర్ర తలుపుకు తగిన పంచ

ఆ రోజుల్లో మా మార్కాపురంలో తలుపుకు రంగంటే ఆకుపచ్చ, గోడకు రంగంటే సున్నం. అంతే. ఎంచుకోవడమనే బాధ మనిషికి ఉండేది కాదు. పండగ దగ్గరికొస్తే ఆడవాళ్ళు వెల్ల వేయాలనేవారు, మగవాళ్ళు వేయిద్దాంలే అని చెప్పి ఏదో ఒక ఊరికి పోయేవారు, చివరికి ఎలాగో గోడ తెల్లబడేది. ఇప్పుడు చూస్తున్నాను కదా, తలుపు ముదురు నీలమైతే దాని ముందున్న పంచకు (వసారా అనండి, మీ ఇష్టం) ఏ రంగు నప్పుతుందని మొగుడూ పెళ్ళామూ ఫోన్లో రంగులు మార్చి మార్చి చూసుకుంటూ అన్నం చల్లార్చుకుంటున్నారు. పైగా ఇదంతా వాళ్ళే కనిపెట్టినట్టు మాట్లాడతారు. అయ్యా, అమ్మా, తలుపును చూసి పంచకు రంగు నిర్ణయించే పనిని ఈ పడమటి ప్రకాశంలో అందరికన్నా ముందు తలకెత్తుకున్నవాణ్ణి నేను. (అప్పటికి మాది కర్నూలు జిల్లా. జిల్లా మారింది గానీ నా మాట మారలేదు.)

నేను బడిలో చదివింది ఐదో తరగతి. మిగతా చదువంతా మా ఇంటి పక్కనే ఉన్న నాయన కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టే కాగితాల మీద చదువుకున్నాను. జీలకర్ర కట్టబోయే కాగితాన్ని ముందు చదివి, ఆ తర్వాతే కట్టేవాణ్ణి. కొనేవాళ్ళు గొణిగేవారు, నాయన తిట్టేవాడు, నా జ్ఞానం మాత్రం పెరుగుతూ పోయేది. ఈ చదువులో చిక్కల్లా ఒక్కటే, ఏ విషయమూ చివరిదాకా దొరకదు. రంగుల గురించి నాకు చిక్కిన వ్యాసమూ అలాంటిదే. ఎరుపు పక్కన ఆకుపచ్చ పెడితే రెండూ ఒకదాన్నొకటి వెలిగిస్తాయని చక్కగా రాసుకొచ్చిన ఆ మహానుభావుడు, "అయితే" అన్న మాట దగ్గర పేజీ ముగించాడు. రెండో పేజీ అప్పటికే ఎవరి ధనియాలతోనో వెళ్ళిపోయింది. సగం తెలిసింది కదా, చాలనుకున్నాను. ఇరవై ఏళ్ళవాడికి సగమే ఎక్కువ.

అప్పటికి నేను పలకల ఫ్యాక్టరీలో గుమాస్తాను. పలకలు పెట్టెలకెత్తించి లెక్క రాయడం నా పని. నా మనసు మాత్రం రంగుల మీద ఉండేది. ఒకనాడు నాయన సంతకు పోయిన సమయం చూసి, ఒక డబ్బా రంగు తెచ్చి మా ఇంటి తలవాకిలి తలుపుకు పండు మిరపకాయ ఎరుపు వేశాను. నాయన సాయంత్రం వచ్చి, చెప్పులు కూడా విడవకుండా నిలబడిపోయాడు.

"ఏందిరా ఇది? ఇల్లా, పోస్టు డబ్బానా?"

"తప్పు తలుపుది కాదు నాయనా, పంచది" అన్నాను. "తెల్లసున్నం మధ్యన ఎరుపు అట్లనే అరుస్తుంది. పంచకు తగిన రంగు పడితే తలుపు నెమ్మదిస్తుంది."

"అరిచేది తలుపు కాదు, రేపు వీధిలో జనం." లోపలి నుంచి మా మేనత్త అందుకుంది. (భర్త పోయినప్పటి నుంచి మా ఇంట్లోనే ఉండేది. ఆమె నోటికి మా నాయన కూడా దారి ఇచ్చేవాడు.) "అమ్మోరి గుడి అనుకోని ఎవరన్నా కోడిని పట్టుకొస్తే కోసేది నువ్వేనా?"

నేను వెనక్కి తగ్గలేదు. పంచ పక్కన మూటలు వేసుకునే గది నాకిస్తే రంగుల దుకాణం పెడతానని, ఈ ఊరి ఇళ్ళ ముఖాలే మార్చేస్తానని అదే ఊపులో చెప్పేశాను. నాయన కాసేపు నన్నూ తలుపునూ మార్చి మార్చి చూశాడు.

"సరే. మిరపకాయలకు గిద్దలూరు పోతాండా. నేనొచ్చే లోపల పంచకు రంగెయ్యి. బాగుంటే మూటల గది నీది, దుకాణం పెట్టుకో, నేను అడ్డం రాను. బాగలేకపోతే తలుపుకు తారు పూస్తా. నువ్వు ఆ పలకల ఉద్యోగం మానేసి నా పక్కన తరాజు పట్టుకోని కూచోవాల, జల్మంతా. ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను. ఓడిపోతాననే ఆలోచనే నాకు రాలేదు.

మా మార్కాపురం వాళ్ళకు ఒక అలవాటుంది. ఏది చేయాలన్నా ముందు పలక మీద చేసి చూస్తాం. దర్జీ చొక్కా గీసేది పలక మీద, ఆడవాళ్ళు కొత్త ముగ్గు నేర్చుకునేది పలక మీద, తగాదా పడ్డ అన్నదమ్ములు ఇంటి వాటాలు గీసుకునేది కూడా పలక మీదే. ఫ్యాక్టరీ వెనక విరిగినవి గుట్టలుగా పడి ఉంటాయి. కాబట్టి రంగుల్ని కూడా పలకల మీద వేసి చూడాలని నాకు తట్టడంలో వింతేమీ లేదు. సున్నంలో రకరకాల పొడి రంగులు కలిపి, పలకకొక రంగు పూసి, అన్నిటినీ ఎర్ర తలుపు పక్కన వరసగా ఆనించి ఇంట్లోవాళ్ళను పిలిచాను.

"తెలుపే ఉండనీరా నాయనా. దీపం పెడితే ఎలుగన్నా ఉంటది" అంది అమ్మ.

"పసుపు ఎయ్యి. గడపకూ గోడకూ జత కుదురుతుంది" అంది అత్త.

నేను ఆకుపచ్చ పలకను ముందుకు జరిపాను. కింద నల్లరాయి, పైన పలచటి పచ్చ. రెండూ కలిసి వాన వెలిసిన సాయంత్రం చింతగుబురులా, ముదురుగా, హుందాగా ఉందది. దాని పక్కన తలుపు నిజంగానే నోరు మూసుకుంది. అత్త కూడా దగ్గరికొచ్చి చూసి, "ఇది బాగుందిరా, పెద్దమనిషి మాదిరుంది" అంది. ఆమె నోట మెచ్చుకోలు వినడం అదే మొదలు. (అదే ఆఖరు కూడా.)

ఈతమట్ట కుంచె పట్టుకుని గోడలూ స్తంభాలూ అరుగులూ ఒక్కచోటు వదలకుండా పూశాను. తడి మీద అచ్చం పలకలాగే ఉంది. మూటల గదికి ఏ పేరు రాయించాలా అని ఆలోచించుకుంటూ పడుకున్నాను.

పొద్దున కళ్ళాపి చల్లడానికి పోయిన అమ్మ చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఏమైందని నేనూ పోయాను. రాత్రికి రాత్రి నా పెద్దమనిషి ఎటో వెళ్ళిపోయాడు. పలక కింద నల్లరాయి ఉంది, మా గోడ కింద ఏళ్ళ తరబడి వేసిన తెల్లసున్నం ఉంది. ఆరేసరికి ఆ పచ్చ కాస్తా చిలకపచ్చగా తేలింది. రెండు పక్కలా ఆ పచ్చగోడలు, నడిమధ్య పైన వంపు తిరిగిన ఎర్ర తలుపు, దాని పైన గాలి కోసం పెట్టిన రెండు గుండ్రటి కన్నాలు.

"ఒరే!" అంది వెనక నుంచి అత్త. "మనిల్లు రామచిలకైందిరా!"

ఆ మాట ఆమె అనకపోయినా వీధి అనేది. ఎదురింటాయన పాలచెంబు పట్టుకుని వచ్చి, "శెట్టీ, మీ చిలక జోస్యం చెప్తుందా? మా బర్రె ఎప్పుడు ఈనుతుందో కాస్త అడుగు" అన్నాడు. అమ్మ తలుపు తీసినప్పుడల్లా చిలక నోరు తెరిచినట్టుందని బడికి పోయే పిల్లలు పుస్తకాలు దింపుకుని మరీ కాచుక్కూర్చున్నారు. ఎవడో గడప ముందు జామకాయ పెట్టి పోయాడు. నేను మాత్రం ఆకుపచ్చ పలక చేతబట్టుకుని పంచలో నిలబడి, వచ్చినవాడికల్లా చూపించాను. "ఇది చూసి చెప్పన్నా. ఇందులో ఏమన్నా తప్పుందా?" వాళ్ళు పలకను అటూ ఇటూ తిప్పి, "పలక బ్రహ్మాండంగా ఉంది. ఇల్లే..." అని ఆగిపోయేవారు. అది నా తప్పెలా అవుతుందో ఇప్పటికీ నాకర్థం కాదు. నేనెంచిన రంగు సరైనదే. గోడ మాట వినలేదు.

నాయన పొద్దున బస్సుకే దిగాడు. మూటలు దించుకుని, జనాన్ని తప్పించుకుని వచ్చి వీధి మధ్యలో నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. నేను పలకను ఎత్తి పట్టుకున్నాను.

"ముక్కు బాగుందిరా" అన్నాడు చివరికి. "పిట్టే ఎక్కువైంది."

వీధంతా నవ్వింది. మా అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

"మరి తారు?" అన్నాను.

"తారు పూస్తే చిలక్కి కాకిముక్కు పెట్టినట్టుంటుంది. ఉండనీ. నువ్వు మాత్రం రేప్పొద్దున తరాజు కాడికి రా."

పోనీ సున్నం కొట్టేస్తానని కుంచె అందుకుంటే నాయన అదీ చేయనివ్వలేదు. అప్పటికే త్రిపురాంతకం బస్సు దిగినవాళ్ళు "చిలకిల్లు కాడ దుకాణం యాడ?" అని అడుగుతూ రావడం మొదలైంది. వింత చూడ్డానికి వచ్చినవాడు ఉత్త చేతులతో పోలేక కాసిన్ని కందులో ఉప్పో కొనుక్కుపోయేవాడు. రంగు నాది, గిరాకీ నాయనది. మూటల గదిలో మాత్రం మూటలే ఉండిపోయాయి. ఈ అన్యాయం గురించి నేనాయనతో చాలాకాలం వాదించాను. ఆయన ప్రతిసారీ నా చేతికి ఇంకో పొట్లం ఇచ్చి కట్టమనేవాడు.

తరాజు దగ్గర కూర్చున్నాను గానీ, ఊరు నన్ను మరిచిపోలేదు. ఇల్లు కట్టుకున్న ప్రతివాడూ బెల్లం కొనే వంకతో వచ్చి, "మా తలుపు ఇట్ల ఉంది, పంచకు ఏ రంగు వేయమంటావు?" అని అడిగేవాడు. నేను తూకం ఆపి, కారణాలతో సహా చెప్పేవాణ్ణి. ఆలస్యంగానైనా విద్యకు గౌరవం దక్కిందని లోలోపల పొంగేవాణ్ణి. ఏళ్ళు గడిచాక బేస్తవారిపేట నుంచి ఒక కొత్తజంట వచ్చింది. ఊదా తలుపుకు లేత పసుపు పంచ వేయమన్నాను. ఆ పిల్ల వెంటనే మొగుడి వైపు తిరిగి, "అయితే పసుపు వద్దు, ఇంకోటి చూడు" అంది.

"ఏందమ్మా, అడిగింది మీరే కదా?"

"ఏమనుకోవాకు మామా. నువ్వు చెప్పిందొకటి తీసేస్తే మిగిలినవన్నీ బాగుంటాయంట. అందరూ అట్లనే చేస్తారంట కదా?" ఆ పిల్ల మనసులో ఏ కల్మషమూ లేదు. మొగుడు మాత్రం బెల్లం గంపలోకి తల దూర్చేశాడు.

కోపం వచ్చింది. ఎందుకు రాదు? అయినా ఇప్పటికీ అడగడానికి వస్తూనే ఉంటారు, నేనూ చెబుతూనే ఉంటాను. ఎందుకడుగుతున్నారో తెలిసి కూడా, నేను నిజంగా నమ్మిన రంగే చెబుతాను. వాళ్ళు మోసం చేస్తున్నారని నేను చేయలేను కదా. సాయంత్రం కర్ర పట్టుకుని నడకకు పోతూ ఆ ఇళ్ళ ముందు నిలబడి చూస్తాను. నేను వద్దన్న గంధపు రంగు, నేను చెప్పని బూడిద రంగు, ఆ ఎండలో కళ్ళకు హాయిగానే ఉంటాయి, ఒప్పుకోవాలి. నన్ను అడగకుండా రంగు వేసిన పంచ ఈ వీధుల్లో ఒక్కటి కూడా లేదు. నాయన మూటల గది ఇవ్వలేదు గానీ, ఊరి ఇళ్ళ ముఖాలు మారుస్తానన్న మాట నేను నిలబెట్టుకున్నట్టే. ఇలా అనుకుని, ఎవరూ చూడటం లేదు కదా అని ఓసారి అటూ ఇటూ చూసుకుని, నాలో నేనే నవ్వుకుంటూ ఇంకో వీధి కూడా తిరిగి వస్తాను.