కెన్యా మిషన్ ట్రిప్ బీమా కోసం బోధన్ అవతలి బోరింగు దాకా

ఇది కెన్యా ప్రయాణం కథ కాదు. కెన్యాకు పోవడానికి పన్నెండు రోజుల ముందు నేను నిజామాబాద్ నుంచి బోధన్ మీదుగా కందకుర్తి దారిలో ఒక పల్లెకు పోయొచ్చిన కథ. రానూ పోనూ వంద కిలోమీటర్ల లోపే. అయినా విదేశాలకు మిషన్ ట్రిప్ మీద పోవాలనుకునేవాళ్లకు నైరోబీ విమానాశ్రయం గురించి రాసే దానికంటే ఇదే ఎక్కువ పనికొస్తుందని నా గట్టి నమ్మకం. నేను నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచర్ని. మా చర్చి బృందానికి కార్యదర్శిని కూడా, అంటే జిరాక్సులు తీయించేది, ఫారాలు నింపేది, అందరి తిట్లూ తినేది నేనే.

మేం పోతున్నది కెన్యాలో ఊళ్లకు దూరంగా ఉన్న ఒక బడికి. పెద్దాసుపత్రి కావాలంటే ఆరు గంటలు జీపులో పోవాలట. అక్కడ పిల్లలకు ఆటలూ పాటలూ మేం ఎవరమైనా నేర్పగలం కానీ, అసలు పని వేరే ఉంది. ఆ బడి చేతి బోరింగు ఏడాదిగా చెడిపోయి ఉంది. వాళ్లు పంపిన ఫోటో చూస్తే అచ్చం మన ఊళ్లలో ఉండే బోరింగే. అందుకని బోధన్ అవతల ఊళ్లలో బోరింగులు బాగుచేసే సాయిలన్నను బృందంలో కలుపుకున్నాం. ఆయన మా చర్చి మనిషి కాదు, శనివారం శనివారం హనుమంతుడికి కొబ్బరికాయ కొట్టే మనిషి. అయినా అడగ్గానే, "నీళ్ల పనికి ఏ దేవుడైతేంది టీచరమ్మా? టికెట్ తియ్యిన్రి" అన్నాడు. ఆయన రాకపోతే మేం ఏడుగురం పోయి పాటలు పాడి రావడమే.

శుక్రవారం సాయంత్రం ఎనిమిది బీమా ఫారాలూ పట్టుకుని ఏజెంటు వేణు దగ్గరికి పోయాను. వేణు కళ్లద్దాలు పైకి నెట్టుకుని ఒక్కొక్కటే తిరగేశాడు. ఇదివరకే ఉన్న జబ్బులు అన్న గడిలో ఎనిమిది మందికీ 'లేవు' అనే ఉంది. "ఎనిమిది మందిల ఒక్కరికి బీపీ గోలీ లేదా మేడం? గిది నిజామాబాదేనా?" అని పగలబడి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి చెప్పిన సంగతులు మాత్రం నవ్వులాట కావు. విదేశాల్లో జబ్బు పడితే ఆసుపత్రి ఖర్చు ఇవ్వడమే కాదు, మారుమూల ఊరి నుంచి పెద్దాసుపత్రికి తరలించడం, అవసరమైతే ఇండియాకు తీసుకురావడం కూడా పాలసీలో ఉందో లేదో చూసుకోవాలి. చూడ్డానికి పోయేవాళ్ల పాలసీ వేరు, అక్కడ చేతులతో పని చేసేవాళ్లది వేరు. బోరింగు విప్పుతూ వేలు నలిగితే, ఆ పని సంగతి ముందే రాయకపోతే పేచీ పెడతారు. అన్నిటికంటే పెద్దది ఆ జబ్బుల గడి. "ఉన్నది దాచి పోతే, గాడ ఆ జబ్బే వస్తే, పైసా ఇయ్యరు. జబ్బు రాయకపోవుడే సాకు జేస్తరు" అన్నాడు. కంపెనీ డాక్టరు చూడాల్సిన ఫారాలుంటే ఒకట్రెండు పని దినాలు పడుతుందనీ, సోమవారం పొద్దున్నకల్లా అన్నీ సరిచేసి ఇమ్మనీ గడువు పెట్టాడు.

మిగతావాళ్లను ఆదివారం చర్చిలో పట్టుకోవచ్చు. సాయిలన్న ఫోను మాత్రం ఎత్తడు. మర్నాడు రెండో శనివారం, బడికి సెలవు. పొద్దున ఎనిమిదింటికి నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సెక్కాను. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు. నా సంచిలో ఎనిమిది మంది పాస్‌పోర్టు జిరాక్సులున్నాయి గానీ నా ఆధార్ మాత్రం లేదు. కండక్టరమ్మ ఆ కట్టంతా చూసి, "ఊరందరి కాగితాలు మోస్తున్నవ్, నీది ఇంట్ల పెట్టొచ్చినవా అక్కా?" అని పైసలు తీసుకుని టికెట్టు కొట్టి చేతిలో పెట్టింది. జానకంపేట, ఎడపల్లి దాటి గంట లోపే బోధన్ చేరాం. మూతపడ్డ షుగర్ ఫ్యాక్టరీ ఊరని పేరే గానీ దారి పొడుగునా వరినాట్లే ఎక్కువ కనిపించాయి. చెరుకు అక్కడక్కడా ఉంది, కొట్టిన గడలు ట్రాక్టర్ల మీద ఎటో పోతున్నాయి.

బోధన్ బస్టాండు ముందు బండి దగ్గర వేడి వేడి అటుకుల ఉప్మా తిన్నాను. పక్కన నిలబడి తినేవాళ్లు సగం మంది మరాఠీలో మాట్లాడుకుంటున్నారు. మీరు ఆ దారిన పోతే ఆ ఉప్మా వదలకండి, మీద చల్లే సన్న కారప్పూస ఇంకాస్త అడిగి వేయించుకోండి. అక్కడి నుంచి రెంజల్ వైపు షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు. ఆటో నిండేదాకా కదలదు కాబట్టి ఒక అరగంట లెక్కలో వేసుకోండి.

ఆటో నడిపే తమ్ముడు నా ఫారాలు చూసి ఏంటని అడిగాడు. సాయిలన్న దగ్గరికి పోతున్నాననీ, ఎనిమిది మందీ జబ్బులు 'లేవు' అని రాశారనీ చెబితే వెనక్కి తిరిగి మరీ నవ్వాడు.

"సాయిలన్న నాకు ఎరుకే అక్కా, మస్కట్ల పదకొండేండ్లు చేసిండు. నేను దుబాయిల ఆరేండ్లు చేసిన. గల్ఫ్ పొయ్యెటోడు జబ్బు ఉన్నదని చెప్తడా? మెడికల్ల అన్‌ఫిట్ అని పడితే వీసా పోయె, ఏజెంటుకు కట్టింది పోయె. నేను దగ్గు వస్తుంటే నోట్లె లవంగం పెట్టుకోని మెడికల్‌కు పోయిన. అడుగుడే ఆలస్యం, 'ఏం లేవు సార్' అంటం. గది నోటికి అలవాటయింది."

నాకు కోపంతో పాటు సిగ్గు కూడా వేసింది. ఈ జిల్లాలో ప్రతి ఊళ్లో గల్ఫ్‌కు పోయొచ్చిన మనిషి ఉన్నాడు. జబ్బుందని రాస్తే ఏమవుతుందో ఈ ఊళ్లకు బాగా తెలుసు, ఇది వేరే రకం ఫారం అని మేమెవరమూ చెప్పలేదు. అసలు ఆ గడి ఎందుకుందో నాకే శుక్రవారం దాకా తెలియదు.

రెంజల్ దాటి, సాయిలన్న ఆ రోజు పనిలో ఉన్నాడని ఆటో తమ్ముడు చెప్పిన ఊళ్లో దిగేసరికి పది దాటింది. ఊరి మధ్యలో సాయిలన్న బోరింగు విప్పి పెట్టుకుని ఉన్నాడు. ఆయనకు యాభై ఆరేళ్లు, సన్నటి మనిషి, భుజం మీద నూనె మరకల తువ్వాలు. పైపులు పైకి లాగేది ఊరి మగవాళ్లు నలుగురు, సాయిలన్న పక్కన నిలబడి నోటితో పని చేయిస్తున్నాడు. నన్ను చూసి, "టీచరమ్మా, గింత దూరం ఎందుకొచ్చిన్రు? నేనే వస్తుంటి గద" అన్నాడు. ఫోను ఎత్తితే కదా అన్నాను. ఫారం తీసి అడిగాను. "జబ్బులా? నాకేం లేవు, గుండు లెక్క ఉన్న" అని పైపుల వైపు తిరిగిపోయాడు.

ఆ బోరింగు దగ్గర జరిగిందే ఈ ప్రయాణంలో అసలు సంగతి. ఎనిమిది పైపులు రావాల్సిన చోట అయిదే వచ్చాయి. సాయిలన్న తాడు కింద పెట్టాడు. తర్వాత చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు చూశాడు.

"నేను బోరింగు మీద చెయ్యి పెట్టకముందే ఏమడిగిన? లోపల ఏమన్న పడ్డదా అని అడిగిన్నా లేదా? ఏం పడలే అన్నరు. మరి మూడు పైపులు యాడికి పోయినయ్?"

చివరికి బిందె పట్టుకుని నిలబడ్డ ఒక అవ్వ నోరు విప్పింది. "పోయినేడు వేరేటోడు వచ్చి లాగుతుంటే తెగి పడినయ్ బిడ్డా. చెప్తే నువ్వు వాపస్ పోతవని భయమైంది."

"నేనెందుకు పోత అవ్వా!" సాయిలన్న గొంతు ఊరంతా వినిపించింది. "ముందుగాల చెప్తే కొక్కెం తెచ్చుకుంటుంటి గద! పడ్డదని చెప్తే గా సామానుతోని వస్త. దాస్తే వట్టి చేతులతోని వచ్చి నిలబడ్డ. ఇప్పుడు తిప్పలు ఎవ్వరికి? మీకే గద!"

నేను ఫారం చేతిలో పట్టుకుని ఆయన్నే చూస్తూ ఉన్నాను. క్లాసులో తప్పు చెప్పిన పిల్లాడిని చూసే చూపు అది, ఇరవై ఏళ్ల అనుభవం. సాయిలన్న ఇంకో మాట అనబోయి నన్ను చూశాడు, ఫారం చూశాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకుని బోరింగు గద్దె మీద కూర్చున్నాడు. మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు.

"మూడేండ్ల కింద గుండెల స్టెంట్ ఏసిన్రు టీచరమ్మా."

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "చెప్తే నన్ను ఇడిచిపెట్టి పోతరనుకున్న" అన్నాడు, ఇందాక అవ్వ అన్న మాటే. పక్కన అవ్వ కూడా నవ్వేసింది.

కొక్కెం ఆయన ఇంట్లో ఉంది, ఆసుపత్రి ఫైలూ ఇంట్లోనే ఉంది. మోపెడ్ మీద ఇద్దరం పోయాం, పావుగంట దారి. ఆయన భార్య గంగామణి అక్క సంగతి వినగానే బియ్యం డ్రమ్ము వెనక నుంచి ఫైలు తీసి నా చేతిలో పెట్టింది. "నేను చెప్పిన టీచరమ్మా, రాయమని చెప్పిన. ఇంటడా? కెన్యాల ఏమన్న అయితే నేను యాడికని రావాలె?" అని అప్పటిదాకా నవ్వుతున్న మనిషి కళ్లు ఒత్తుకుంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టేదాకా కదలనివ్వలేదు. తింటూనే కాగితాలన్నీ ఫోటోలు తీసి వేణుకు పంపాను. పది నిమిషాల్లో ఫోను వచ్చింది. గుండె డాక్టరు చూసి ప్రయాణం చేయొచ్చని కొత్తగా రాసిస్తే కంపెనీ డాక్టరుకు పంపుతాననీ, ఒప్పుకుంటారో లేదో తనకు తెలియదనీ చెప్పాడు. ఆ చివరి మాట సాయిలన్నకు చెప్పాలంటే నాకు నోరు రాలేదు. అయినా చెప్పాను, దాచడం వద్దని చెప్పడానికే కదా ఇంత దూరం వచ్చింది. ఆయన తల ఊపి, "ముందుగాల బోరింగు" అన్నాడు.

రెండు గంటలకు మూడు పైపులూ పైకి వచ్చాయి. మూడింటికి నీళ్లు వచ్చాయి. అవ్వ మొదటి బిందె నింపుకుని ఇంటికి పోతూ నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది. కందకుర్తి సంగమం అక్కడికి దగ్గరే, గోదావరిలో మంజీర కలిసే చోటు. తీరిక ఉన్నవాళ్లు తప్పకుండా పోయి రండి. మాకు తీరిక లేదు. బోధన్‌లో నాలుగున్నర బస్సు పట్టుకుని, ఇద్దరికీ మనిషికి యాభై రూపాయల లోపు టికెట్లు తీసుకుని, ఆరింటికి ముందే నిజామాబాద్ ఖలీల్‌వాడిలో గుండె డాక్టరు ముందు కూర్చున్నాం. ఈసీజీ తీసి, మాత్రలు చూసి, విమానం ఎక్కొచ్చని డాక్టరు రాసిచ్చారు. కానీ బరువులు ఎత్తకూడదని కింద గీత గీసి మరీ రాశారు. సాయిలన్న మొహం వాడిపోయింది. "పైపులు ఎవరెత్తాలె మరి?" అంటే, మా పాస్టరన్న ఎత్తుతాడు, రోజూ పొద్దున జిమ్‌కు పోతాడు కదా అన్నాను. ఆయన ఆ మాటకు అంత గట్టిగా నవ్వుతాడనుకోలేదు, నర్సు వచ్చి తలుపు తీసి చూసింది.

ఆదివారం చర్చిలో మిగతా ఆరుగురినీ కూర్చోబెట్టి మళ్లీ అడిగాను. ఒకరికి బీపీ, ఒకరికి షుగర్, పాస్టరన్నకే పాత హెర్నియా ఆపరేషన్. పైపులు ఎత్తే మనిషిని మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చింది. అందరినీ తిట్టి, ఇంటికొచ్చి పడుకుని, సోమవారం తెల్లారి పరగడుపున నా థైరాయిడ్ మాత్ర వేసుకోవడానికి డబ్బా తీశాను. అయిదేళ్లుగా వేసుకుంటున్న మాత్ర. నా ఫారంలోనూ 'లేవు' అనే ఉంది. ఎవరూ చూడకుండా దిద్దుకున్నాను.

బుధవారం పాలసీలు వచ్చాయి. సాయిలన్న వేణు ఆఫీసుకు వచ్చాడు. ప్రీమియం మా అందరికంటే కాస్త ఎక్కువ. గుండెకు మామూలు చికిత్స ఖర్చు ఇవ్వరు, ప్రాణం మీదికి వస్తే మాత్రం ఒక పరిమితి దాకా భరిస్తారు, తరలింపు ఖర్చు సహా. ఆ కాగితంలో ఆయన పేరు పక్కన స్టెంట్ సంగతి ఉన్న లైను చదివి తెలుగులో చెప్పమన్నాడు. చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు. తర్వాత ఆ లైను మీద వేలు పెట్టాడు.

"మస్కట్ల ఒకనాడు ఛాతిల నొప్పి లేసింది టీచరమ్మా. రూముల పండుకోని తువ్వాల నోట్లె పెట్టుకున్న, పక్కోనికి కూడ చెప్పలే. తెలిస్తే పంపిస్తరని. పదకొండేండ్లు నా కాగితం మీద ఫిట్ అనే ఉన్నది, ఒక్కనాడు సుత ధీమాగ పండలే. ఇగో, గీ కాగితం మీద నా రోగం రాసుంది. రాసుండి కూడ రమ్మంటున్నది."

ఈ బ్లాగులో ఇంతకుముందు చాలా ఊళ్ల గురించి రాశాను. ఇంత చిన్న దూరం పోయి ఇంత నేర్చుకున్నది మాత్రం ఇదే మొదటిసారి. సేవ చేయడానికి పోతున్నాం కదా, దేవుడే చూసుకుంటాడని నేనూ అనుకున్నదాన్నే. ఒక మనిషి తన గుండె నొప్పిని తువ్వాలతో నొక్కిపెట్టుకోవాల్సి వచ్చిందంటే, ఆయన్ను ఎవరూ సరిగ్గా అడగలేదన్నమాట. బృందాన్ని తీసుకుపోయేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఫారం నింపేటప్పుడు 'జబ్బులున్నాయా' అని ఎవరినీ అడగకండి, లేవనే అంటారు. 'రోజూ ఏ గోలీ వేసుకుంటున్నారు, నేను మిమ్మల్ని వదిలిపెట్టి పోను' అని అడగండి. రెండు మాటలూ కలిపి అడగండి, మొదటిదొక్కటే అడిగితే నిజం బయటికి రాదు.