ఆడవాళ్ళు పక్క గదిలో

టైలరమ్మ తాగుతుందంటే ఆ వీధిలో ఎవరూ నమ్మరు. ఆ నమ్మకమే ఆమె కొంప ముంచింది.

మొదట్లో నడుంనొప్పి. రోజంతా మిషన్ మీద వంగి స్కూలు యూనిఫారాలు కుట్టే మనిషికి నడుంనొప్పి రాక ఏం వస్తుంది? ఎవరో చెబితే ఓ గుక్క వేసుకుంది. నొప్పి పోయింది, గుక్క మిగిలింది. సీసాను కత్తిరింపు ముక్కల సంచిలో, అడుగున దాచేది. అందులో చెయ్యి పెట్టి చూసే ఓపిక ఆ ఇంట్లో ఇంకెవరికుంది? ఒకసారి ఎవరో పిల్లాడి చొక్కాకి చేతులు రెండూ చివర మూసి కుట్టేసింది. పిల్లాడి తల్లి పగలబడి నవ్వి, "మావాడు అల్లరివాడే గానీ టైలరమ్మా, మరీ చేతులు కట్టేసేంత కాదు" అంది. ఆమె కూడా నవ్వింది. మరోసారి సూది వేలిలోకి దిగిపోయింది. గుడ్డ మీద నెత్తురు చూసేదాకా ఆమెకు తెలియనే లేదు. అప్పుడు నవ్వు రాలేదు.

కట్టు కట్టిన డాక్టరమ్మ వేలు చూడకముందే వాసన పట్టేసింది. పరీక్షలు చేయించి, "లివర్ వాచింది. ఇంకా తాగావంటే బతకవు" అంది. గొంతు తగ్గించి, "ఆదివారం సాయంత్రం బడి వెనక గదుల్లో తాగుడు మానాలనుకునేవాళ్ళు కూర్చుంటారు. పేరు కూడా అడగరు. వెళ్ళమ్మా" అంది.

భర్తకు చెప్పింది. ఆయన నీటిపన్ను ఆఫీసులో గుమాస్తా. చుక్క ముట్టడు. ఆఫీసులో ఆయన మాట ఫ్యాను కూడా వినదు. "నలుగురూ చూస్తే నా తల ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు. చాలాసేపు గొణిగి, "సరే, నేనూ వస్తాలే" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమెకు ఏడుపొచ్చింది.

ఆదివారం బడి వెనక గది గుమ్మంలో రిటైరైన బస్సు డ్రైవరు ఎదురొచ్చాడు. ఒకప్పుడు పీకల్దాకా తాగి, మాని, ఇప్పుడు పదిమందిని మాన్పిస్తున్న పెద్దమనిషి. రాగానే భర్త భుజం మీద చెయ్యి వేసి, "రా తమ్ముడూ! గుమ్మం దాకా వచ్చావంటే సగం గెలిచినట్టే" అన్నాడు. ఆమెకేసి తిరిగి, "అమ్మా, ఆడవాళ్ళు పక్క గదిలో" అన్నాడు. భర్త నోరు తెరిచాడు. నీళ్ళు నమిలాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

పక్క గదిలో తాగేవాళ్ళ పెళ్ళాలున్నారు. చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకుంటున్నారు. ఒకావిడ ఆమె కట్టు వేలు పట్టుకుని, "మీ ఆయన కొడతాడా అమ్మా?" అంది. ఇంకొకావిడ దగ్గరికి జరిగి, "పాపం, ఆయన వాసన నీ బట్టలకు కూడా పట్టేసింది" అంది. టైలరమ్మ కక్కలేక మింగలేక కూర్చుంది.

రెండు గదులకూ మధ్య పల్చటి చెక్క అడ్డుగోడ. మరుసటి వారం దాని అవతల నుంచి భర్త గొంతు వినిపించింది. "సీసా గుడ్డముక్కల సంచిలో దాచేవాణ్ణి" అంటున్నాడు. ఆ సంచి సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అంటే ఆయనకు మొదటినుంచీ తెలుసు! ఇన్నేళ్ళూ ఇంట్లో ఒక్క మాట అడగని మనిషి, పరాయివాళ్ళ ముందు పొల్లుపోకుండా చెబుతున్నాడు. చప్పట్లు మోగాయి.

"నీ పరువు కాపాడాను" అన్నాడు దారిలో. "మగాడు తాగాడంటే లోకం అయ్యో అంటుంది. ఆడది తాగిందంటే మొహాన ఉమ్మేస్తుంది."

అది అబద్ధం కాదు. అందుకే ఆమె కడుపు మండిపోయింది. "మరి నా జబ్బో?" అంది.

"విన్నావుగా అంతా. మానెయ్."

అప్పటినుంచి ఆయన ఆదివారం కోసం కాచుకు కూర్చునేవాడు. చొక్కా తనే ఇస్త్రీ చేసుకునేవాడు. పుట్టి బుద్ధెరిగాక తన మాట పదిమంది చెవులప్పగించి వినడం అదే మొదలు మరి. కథకు కొత్త నగిషీలు కూడా చెక్కాడు. రోగం ఒకరిది, పథ్యం ఒకరిది. ఆమె చెయ్యి మాత్రం సంచి అడుక్కి వెళుతూనే ఉంది. కళ్ళు పచ్చబడ్డాయి.

తాగుడు మానినందుకు ఆయనకు పతకంలాంటి బిళ్ళ ఇచ్చే రోజు వచ్చింది. పక్క గదిలోంచి టైలరమ్మ లేచింది. ధైర్యం కోసం ఓ గుక్క వేసుకునే వచ్చింది పాపం. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని మగవాళ్ళ గది గుమ్మంలో నిలబడింది.

"తాగేది ఆయన కాదు. నేను."

డ్రైవరు కళ్ళొత్తుకున్నాడు. "చూశారా! మొగుడి తప్పు తన నెత్తిన వేసుకుంటోంది. ఇలాంటి ఇల్లాలు ఎంతమందికి దొరుకుతుంది?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె వెనకాలే వచ్చిన ఆడవాళ్ళూ కొట్టారు.

ఆమె భర్త వైపు చూసింది. ఆయన అవునంటే చాలు. ఆయన జేబుకు తగిలించిన బిళ్ళను అరచేత్తో కప్పుకుని, "దానికి ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదండీ" అన్నాడు.

టైలరమ్మ తిన్నగా డ్రైవరు దగ్గరికి నడిచింది. రుమాలు తీసి ఆయన మొహం మీద గట్టిగా ఊదింది. ఆయన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఆ వాసన ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాలా? తన కుర్చీ తనే లాగి వేసి, "కూర్చో తల్లీ" అన్నాడు. ఆమె కూర్చుంది. అప్పుడాయన భర్త వైపు తిరిగాడు.

"మరి ఇన్నాళ్ళూ నువ్వు చెప్పింది ఎవరి కథ తమ్ముడూ?"

భర్త ఆయన మొహం చూడలేదు. భార్య మొహమూ చూడలేదు. గుమ్మంకేసి చూశాడు.

"ముందు ఆ తలుపు వెయ్యండి. బయటివాళ్ళు వింటారు" అన్నాడు.