నీళ్లు పడ్డయా?

గాజు గొట్టంలో పట్టిన తొట్టి నీళ్లలో చుక్కలు వేయగానే మందు ఘాటు ముక్కుకు తగిలింది. మూత బిగించి ఆడించాను. రంగు తేలేదాకా గోడ గడియారం చూస్తూ కూర్చోవాలి. కొత్త తొట్టిలో చేపలెప్పుడు వేద్దామని మా అమ్మాయి పక్కనే తొందరపడుతోంది. నాకేమో భూమన్న గుర్తుకొచ్చాడు.

బాన్సువాడలో ఆయనకు బోర్లు వేసే బండ్లుండేవి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఆయన ఆఫీసులో ఫోన్లు ఎత్తేదాన్ని. ఎవరు చేసినా ఒకటే ప్రశ్న, "నీళ్లు పడ్డయా?" పడినా పడకపోయినా భూమన్న ఉన్నదున్నట్టు చెప్పేవాడు. జీవితమంతా భూమిలో నీళ్లు వెతికిన ఆ మనిషికి, గుండె జబ్బు వచ్చాక సముద్రపు చేపల మీద మనసు పడింది. హైదరాబాదు దవాఖానకు వెళ్లినప్పుడు దగ్గరి దుకాణంలో చూశాడట, నారింజ రంగు మీద తెల్ల చారలవి. ఆఫీసు ముందుగదిలోనే అద్దాల తొట్టి పెట్టించాడు. సముద్రపు ఉప్పు సంచీ దిగిన రోజు ఆయన భార్య లక్ష్మక్క బుగ్గలు నొక్కుకుంది.

"మన బోరువి ఉప్పునీళ్లే గదా, మళ్ల ఉప్పు కొనుడేంది?"

నీటి పరీక్ష సామాను కొనడానికి నన్ను వెంట తీసుకెళ్లాడు. కాగితపు పట్టీ ముంచితే చాలు, క్షణంలో రంగు వస్తుందని దుకాణదారు చూపించాడు. నాకదే నచ్చింది.

"కొబ్బరికాయ అరచేతుల వెట్టుకొని నీళ్లున్నయని చెప్పెటోళ్లను మస్తు మందిని జూసిన చెల్లె. గంత జల్ది చెప్పేది నాకొద్దు," అని ఆయన చుక్కల సీసాల పెట్టె తీసుకున్నాడు. సముద్రపు నీటికి పనికొస్తుందని దానిమీద ఉందో లేదో నాచేత మళ్లీ మళ్లీ చదివించాడు. అందులో అమ్మోనియాకొక పరీక్ష, నైట్రైట్‌కొకటి. కొత్త తొట్టిలో చేపలను ముందు చంపేవి ఆ రెండేనట.

ఆ విషాన్ని తినే సూక్ష్మజీవులు నీళ్లలో పెరగడానికి వారాలు పడుతుంది. వాటికోసం పచ్చి రొయ్య వేసి కుళ్లబెడితే ఆఫీసంతా కంపు. అమ్మోనియాకు పసుపు రంగు తేలాలి, ఆకుపచ్చ తేలేది. ఆయన కుర్చీలోంచి అడిగేవాడు, "నీళ్లు పడ్డయా?" కొత్త ఊరి నీళ్లు ఒంటికి సరిపోకపోయినా మనం పడలేదనే అంటాం కదా. "పడలే అన్నా," అనేదాన్ని.

ఆయనకు ఆయాసం ఎక్కువైంది. లక్ష్మక్క నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "రెండు చేపలు ఏసెయ్యరాదు చెల్లె. కండ్లార జూసుకుంటడు."

"నేను జూసుకునేటందుకు అవి సావాల్నా?" అన్నాడు భూమన్న.

దవాఖానలో చివరిసారి చూసినప్పుడు ఆయనకు మాట పెగలడం లేదు. "పడ్డయా?" అని పెదవులు కదిలాయి. పడ్డాయని చెబితే ఎంత సంతోషించేవాడో. నాకు ఏడుపు ఆగలేదు, అబద్ధమూ నోటికి రాలేదు.

"ఇంక ఆకుపచ్చగనే ఉన్నది అన్నా."

"మంచిది. ఆగుండ్రి," అని పెదవులతోనే అని నా చెయ్యి నొక్కాడు.

ఆయన పోయి, దినాలు అయ్యాక రెండు పరీక్షలూ కుదిరాయి. చేపలను లక్ష్మక్కే తొట్టిలో వదిలింది. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. దానివైపు చూడలేక నేను బయటికి వచ్చేశాను.

"అమ్మా, అయిందా?" అని మా అమ్మాయి భుజం కుదుపుతోంది. గాజు గొట్టాన్ని తెల్ల కాగితం ముందు పెట్టి చూశాను. లేత ఆకుపచ్చ.

"ఇంకా పడలే బిడ్డా," అన్నాను. "ఆగుదాం."