అమ్మ నిలబడిన రోజు

గరాజ్ సర్దుతుంటే పాత నీలం మడతకుర్చీ దొరికింది. దుమ్ము దులిపి అందులో కూర్చున్నాను.

నాకప్పుడు ఏడేళ్లు. విదేశంలో మేముండే కానింగ్ వేల్‌లోని మా తెలుగు సంఘం అధ్యక్ష పదవికి అమ్మ నిలబడింది. గెలిస్తే పిల్లలకు శనివారం తెలుగు బడి పెట్టిస్తానంది. ఆంటీలంతా మా గరాజ్‌లో చేరి, పోస్టర్లకు రంగులు వేస్తూ, "ఈసారి మనదే," అనేవారు. నిలబడటమంటే రోజంతా కాళ్ల మీద ఉండటమనుకున్నాను నేను. ఎన్నిక రోజు, వచ్చేవాళ్లను ఓటు అడుగుతూ అమ్మ నిలబడి ఉన్న హాలు గుమ్మం దగ్గరికి ఈ కుర్చీ ఈడ్చుకెళ్లాను.

"అమ్మా, సిట్ డౌన్. ఎంతసేపు స్టాండింగ్?"

"చూశావా వదినా, నీ కొడుకే నిన్ను కూర్చోబెట్టి పోటీలోంచి విత్‌డ్రా చేయించేస్తున్నాడు," అని పక్కనున్న ఆంటీ నవ్వింది.

"లెక్కింపు అయ్యేదాకా కూర్చోనురా," అంది అమ్మ.

ఓడిపోయింది. కారులో ఏడ్చింది నేనే. అమ్మ సీటు బెల్టు పెట్టుకుంటూ, "మళ్లీ నిలబడతాను," అంది. తర్వాతి ఎన్నికలో నిలబడి గెలిచింది, బడి పెట్టించింది.

ఆ బడిలోనే చదువుకున్న నేను మాత్రం, ఎవరు ఏ పని అడిగినా తీరిక లేదంటూ ఇన్నేళ్లూ వెనక వరసలో కూర్చున్నాను. ఇప్పుడు పట్టించుకునేవాళ్లు లేక బడి మూసేస్తామంటున్నారు.

లేచి, కుర్చీ మడిచి గోడకు ఆనించి, సంఘం కార్యదర్శికి ఫోన్ చేశాను.

"అంకుల్, ఈసారి అధ్యక్షుడిగా నేను నిలబడతాను."