దాహం తీరని పడవ

ఉదయగిరి నుంచి వచ్చిన ఆ వడ్రంగి సాయిబు ఏ చెక్కనైనా ముందు వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవాడు. సోమశిల నీళ్లలో తిప్పుదామని, ఏళ్ల తరబడి ఎండలో పడివున్న పాత మోటారు పడవనొకదాన్ని నేను కొన్నాను. ఇంజను బాగు చేయించుకున్నాను. ఆత్మకూరులో మా ఇంటి ముందే నెల రోజులు కూర్చుని ఆయన పలకలన్నీ బిగించాడు.

చివరి రోజు తట్టి విని, "చెక్క దాహంగా ఉండాది సార్. మూడు దినాలు నీళ్లలో ముంచి పెట్టండి. బండి చక్రం చెరువులో నానేస్తాం గదా, అట్ల. ఉబ్బితే సందులు మూసుకుంటాయి," అన్నాడు.

మునిగిన పడవను చూసి జనం నవ్వుతారని నేను ఒక్క పూటకే పైకి తీయించాను. ఆయనకు చెప్పలేదు.

మొదటిసారి తిప్పడానికి నీళ్లలోకి దించిన రోజు మా మామగారినీ, నలుగురు పెద్దలనూ ఎక్కించాను. సాయిబునూ రమ్మన్నాను. ఒడ్డు వదిలామో లేదో, పలకల సందుల్లోంచి నీళ్లు చిమ్మాయి.

"ఏంది సాయిబూ, ఇదేనా నీ పనితనం?" అని మామగారు గద్దించారు.

ఆయన వంగి పలకను తట్టాడు, చెవి ఆనించాడు, తలెత్తి నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

"తప్పు నాదే పెద్దాయనా," అంటూ ఆయన దోసిళ్లతో నీళ్లు తోడటం మొదలుపెట్టాడు.

నేను చెప్పులు తడవకుండా కాళ్లు పైకెత్తుకుని కూర్చున్నాను.