బడిలో పుట్టినరోజు

పదో తరగతి పిల్లల చేత ప్రతి ఏటా దసరా సెలవులు కాగానే ఒక అరఠావు రాయించేదాన్ని. ఇంటర్లో ఏ గ్రూపు, ఆ తరవాత ఏ చదువు, ఎప్పటికి ఉద్యోగం. ఎదురుగా సంవత్సరాలు వెయ్యాలి. ఎర్రసిరాతో దిద్ది, పదికి మార్కులు వేసి, క్లాసులో పైకి చదివేదాన్ని. ఉంగుటూరు దగ్గర కాలవ గట్టున ఉన్న హైస్కూలది. హెడ్‌మిస్ట్రెస్‌నీ నేనే, లెక్కల టీచర్నీ నేనే. పైకి చదవడం ఎందుకండీ, చేతికిస్తే సరిపోదా అని ఒక మాస్టారు అన్నారు. చేతికిస్తే చింపేస్తారు, వింటే గుర్తుంటుంది అన్నాను.

2004లో ముప్పై ఎనిమిది మంది రాశారు. సైన్సులో నలభై ఒక్క మార్కులు వచ్చినవాడు బైపీసీ, డాక్టరు అని రాశాడు. “డాక్టరువి కాలేవు గానీ పేషెంటువి అవుతావు. దానికి గ్రూపు అక్కర్లేదు” అని చదివాను. క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వాడు. తరవాత రెండు రోజులు బడికి రాలేదు. ‘ఇంకా ఆలోచించలేదు’ అని రాసిన పిల్లకి ‘తెలుస్తూనే ఉంది’ అని రాసి సున్నా వేశాను.

ఆ ఏడాది పదికి పది ఒక్కరికే వచ్చాయి. మా బడి ఆయా కూతురికి. ఆ కాయితంలో నాలుగే వరుసలు: 2005 పదో తరగతి. 2007 ఇంటర్, హెచ్‌ఈసీ. 2009 టీటీసీ. 2010 టీచరు.

“లెక్కల్లో తొంభై రెండు పెట్టుకుని హెచ్‌ఈసీ ఏమిటే? బద్ధకమా?” అన్నాను.

“కాదండీ. ఎంపీసీ అయితే ల్యాబులూ, ట్యూషన్లూ ఉంటాయండి. హెచ్‌ఈసీ అయితే గూడెం కాలేజీ నుంచి మధ్యాన్నం బస్సుకి వచ్చేసి అమ్మకి సాయం చెయ్యొచ్చండి. టీటీసీకి ఏ గ్రూపైనా ఒకటేనండి.”

తప్పు దొరకలేదు. పది వేశాను.

నవంబరులో నామినల్ రోల్స్ వచ్చాయి. పదో తరగతి పరీక్షకు పంపే ఆ జాబితాలో ఏ పుట్టిన తేదీ వేస్తే, సర్టిఫికెట్లో జన్మంతా అదే ఉంటుంది. అడ్మిషన్ రిజిస్టరు ముందు పెట్టుకుని చూశాను. ముప్పై ఎనిమిది మందిలో ఇరవై తొమ్మిది మంది జూన్ ఒకటినే పుట్టారు. ఇందులో వింత లేదు. ఒకటో తరగతిలో చేర్చుకోవాలంటే అయిదేళ్ళు నిండాలి గనక ఎలిమెంటరీ స్కూలు మాస్టారు బడి తెరిచే నెల చూసి అందరికీ అదే వేసేవారు. మా తరంలో జూలై ఒకటి వేసేవారు. నా సర్వీసు మొత్తంలో నేను వాటి జోలికి పోలేదు.

ఆ ఇరవై తొమ్మిదిలో ఒక్క పిల్ల అసలు తేదీ మాత్రం నా దగ్గర ఉంది. ఆయా అప్పట్లో మా పెరటి గదిలో ఉండేది. నా డైరీలో ఉంది: ‘20-9-1990, గురువారం, ఆయాకు ఆడపిల్ల.’ టేబుల్ తుడుస్తున్న ఆయాతో ఊరికే అన్నాను.

“నీ కూతురు పుట్టింది సెప్టెంబరు ఇరవైన కదా. ఇక్కడ జూన్ ఒకటి అని ఉందేం?”

ఆయా నవ్వేసింది. “అందరికీ బళ్ళో ఓ పుట్టినరోజు, గుళ్ళో ఓ పుట్టినరోజు ఉంటాయి గదండీ, అమ్మగారండీ. తమరు మాత్రం? గుళ్ళో జనవరిలో నిలబడతారు. బళ్ళో జూలై ఒకటేనంట గదండీ. రిటైర్మెంటు కాయితాలు కడతా గుమాస్తా గారు చెప్పారండి.”

గదిలో ఉన్న ఇద్దరు టీచర్లలో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేనూ ఆయా ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళం. పుట్టినరోజు వచ్చిన వారం కానుక కవరుతో ముందుకు వెళ్ళి నిలబడితే, ఎన్నేళ్ళు నిండాయో పాస్టరు గారు పైకి చెప్పి ప్రార్థన చేస్తారు. మా నాన్న బైబిలు అట్ట లోపల రాసిన తేదీ ప్రకారం నేను పుట్టింది 1946 జనవరి 12. సర్వీసు రిజిస్టరులో ఉన్నది 1947 జూలై 1.

ఆ మధ్యాహ్నమే ఆ పిల్ల పుట్టిన సర్టిఫికెట్టు కోసం పంచాయతీ ఆఫీసుకు మనిషిని పంపాను. తేదీ మార్చడానికి అనుమతి కావాలని విద్యాశాఖకు రాసి, ఏలూరు నేనే వెళ్ళి, పన్నెండు రోజుల్లో ఆర్డరు తెచ్చాను. మిగతా ఇరవై ఎనిమిది మంది జూన్ ఒకటినే పుట్టినట్టు పంపాను.

ఆయా గుమ్మం దగ్గర నిలబడి బతిమాలింది. “వద్దండీ, అమ్మగారండీ. నా నోటి దూలండి. మీ కాళ్ళకి దండం పెడతాను, దాని జోలికెళ్ళకండి.”

“రేపు పిల్లలకి నిజం చెప్పాల్సింది అబద్ధపు తేదీతో టీచరవుతుందా?” అన్నాను. “నూట పదకొండు రోజులు చిన్నదవుతుంది. ఆడపిల్లకి మంచిదేగా.”

టీటీసీలో చేరాలంటే ఆ ఏడాది సెప్టెంబరు ఒకటికి పదిహేడు నిండాలి. ఆ సంగతి నాకు తెలుసు. నోటీసు బోర్డు మీద ఆ ప్రకటన అంటించింది నేనే. 2007 సెప్టెంబరు ఒకటికి ఆ పిల్లకి పందొమ్మిది రోజులు తక్కువ పడతాయని ఆర్డరు తెచ్చిన సాయంత్రమే లెక్క వేశాను. ఎవరికీ చెప్పలేదు. ఆ అరఠావు మీద పదికి పది అలాగే ఉంచాను.

2005 జూన్ ముప్పైన రిటైరై ఏలూరు వచ్చేశాను. రెండేళ్ళ తరవాత ఒక మధ్యాహ్నం ఆయా, కూతురూ మా ఇంటికి వచ్చారు. ప్రవేశపరీక్షలో పిల్లకి జిల్లాలో సీటు వచ్చే ర్యాంకే వచ్చింది. ఆ ఉదయం సర్టిఫికెట్లు చూసినవాళ్ళు వయసు చాలదని వెనక్కి పంపేశారు.

“పందొమ్మిది రోజులంటండి” అంది ఆయా.

“వచ్చే ఏడాది మళ్ళీ రాయమను.”

“ఏడాది ఎలా ఆగుద్దండీ? కొల్లేట్లో చేపల చెరువుల గట్లు గవర్నమెంటోళ్ళు కొట్టేశాక మా ఆయనకి కాపలా పని పోయిందండి. నన్ను కొత్త హెచ్చెమ్ గారు తీసేశారండి. ఇక దీన్ని పనిలో పెట్టాల్సిందేనండి. ఈ సీటు మీదే ఉన్నామండి.”

“గట్లు నేను కొట్టించానా?” అన్నాను.

పిల్ల ముందుకు వచ్చింది. సర్టిఫికెట్ల సంచిలోంచి ఒక తెల్లకాయితం తీసి సగానికి చింపింది. నా టేబుల్ మీదే రాసింది. చేతిరాత ఇదివరకటి కంటే బాగుపడింది.

పుట్టిన తేదీ 12-1-1946. యాభై ఎనిమిది నిండేది 12-1-2004. రిటైరు కావలసింది 31-1-2004. నామినల్ రోల్స్ పంపింది నవంబరు 2004. అప్పటికి హెడ్‌మిస్ట్రెస్ వేరొకరు.

“లెక్క దిద్దండి, టీచరు గారండీ” అంది. “2004 జనవరి పన్నెండుకి తమరికి యాభై ఎనిమిది నిండాయని గుళ్ళో పాస్టరయ్యగారు చెప్పారండి. నేను ముందు వరసలోనే కూచున్నానండి.”

చూశాను. తప్పు లేదు. పదిహేడు నెలలు నాకు ఎక్కువ దొరికాయి, అందులో పదో నెలలో దాని తేదీ మార్చాను. ఎర్రపెన్ను తీసి పదికి తొమ్మిది వేశాను.

“జవాబు కింద గీత కొట్టలేదు” అన్నాను.

“అమ్మగారండీ!” అంది ఆయా. ఇంకేదో అనబోయింది గానీ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది. నా స్కేలు అందుకుని చివరి వరస కింద తిన్నగా రెండు గీతలు కొట్టి, కాయితం మళ్ళీ నా ముందుకు తోసింది.

“ఇప్పుడండీ?”

తొమ్మిదిని పది చేశాను. వాళ్ళు మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఆ కాయితం ఫైల్లో ఉంది, పాత అరఠావు పక్కన.

2010లో తాడేపల్లిగూడెంలో పని పడి వెళ్ళి, తిరుగు బస్సుకి టైముంటే ఉల్లిపాయల మార్కెట్లోకి నడిచాను. ఒక కొట్లో ఆ పిల్ల బస్తాల లెక్క రాస్తోంది. చెవి మీద పెన్సిలు. నన్ను చూసి లేచి నిలబడింది.

“బాగున్నారాండీ, టీచరు గారండీ?”

“బాగానే ఉన్నాను. రెండు కేజీలు ఇయ్యి.”

విడిగా అమ్మమండీ అంటుందనుకున్నాను. అనలేదు. చిన్న తక్కెడ దింపి ఏరి మరీ వేసింది. తక్కెడ ఉల్లిపాయల వైపు కొంచెం మొగ్గింది. గూడెం మార్కెట్లో ఎంత పిసినారి కొట్టువాడైనా దాన్ని అలాగే వదిలేసి, పైన ఒక పాయ కొసరు పడేస్తాడు. ఆ పిల్ల ఒక పాయ తీసి చిన్నది వేసింది. అదీ తీసి ఇంకా చిన్నది వెతికి వేసింది. ముల్లు నిలబడింది.

“కొసరు లేదా?” అన్నాను నవ్వుతూ.

“ఎక్కువ రాకూడదు గదండీ” అంది, సంచి నా చేతికిస్తూ.

ఇంటికి వచ్చి తూచాను. సరిగ్గా రెండు కేజీలు.